సంధిశిల మీద రెండు తలలు

మావటి నరసడి పెళ్ళాం చెప్పిందట. పట్టపుటేనుగు కుడిదంతానికి తొడిగే బంగారు తొడుగు మాయమైపోయిందట. మణికంధరం వేగులవాళ్ళే ఎత్తుకుపోయారట. ఆ అవమానానికి మహారాజు గుండె మండిపోయి, దొంగల రాజ్యాన్ని బూడిద చేసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని కత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడట.

"ముట్టడా? మరి నిన్న పెద్ద వంటశాల నుంచి లోపలికి పోయిన జింకమాంసం ఏ దయ్యం తిన్నట్టూ?" అంది పేరిందేవి, పక్కింటావిడ మాటలన్నీ అప్పజెప్పి, చివర తన మాట ఒకటి తగిలించి.

పేరిందేవి ధూమ్రావతి కోటలో విడిది మహలు వంటగత్తె. అట్లకాడతో అన్నం పెట్టగలదు, అదే అట్లకాడతో కావలివాడి వీపు పగలగొట్టగలదు. ఎదురుగా పీట మీద కూర్చుని చద్దన్నం తింటున్న యువకుడికి పన్నెండేళ్ళుగా ఆమే అన్నం పెడుతోంది. లోకానికి అతడు మణికంధరం యువరాజు విజయధ్వజుడు.

"ఇంకేమందంటే..." అని ఆమె ఆగింది. గరిటె కిందపెట్టింది. "పొద్దుగూకే వేళకి సంధిశిల దగ్గర తలలు కొడతారట బాబూ. అటువైపు వాళ్ళు మన రాజకుమారిది. ఇటువైపు వీళ్ళు నీది."

అన్నం ముద్ద అతని చేతిలో ఉన్నది ఉన్నట్టే ఆగింది.

ఆ రెండు రాజ్యాల మధ్య వెండివాగు పారుతుంది. తాతల నాడు ఆ వాగులో నీళ్ళకంటే నెత్తురు ఎక్కువ పారిన రోజులున్నాయి. కన్న కొడుకులందర్నీ యుద్ధాలకు అప్పజెప్పి ఒంటరిగా మిగిలిన రుద్రసాని అనే మహారాణి, ఒకరోజు ఐదు రాజ్యాల రాజుల్ని వాగు ఒడ్డుకు పిలిచి, నల్లరాతి మీద ఒప్పందం చెక్కించింది. రాజులకు పుట్టిన బిడ్డలు ఒకరి ఇంట ఒకరు పెరగాలంది. తన బిడ్డ కంచం శత్రువు వంటింట్లో ఉన్నంతకాలం ఏ రాజుకీ కత్తి మీదికి చెయ్యి పోదని ఆమె నమ్మకం. ఒప్పందం తప్పి యుద్ధానికి దిగితే, ముందుగా ఆ బిడ్డల తలలు ఆ రాతి మీదే తెగిపడాలని రాయించింది.

పాపం, మహారాణి అన్నీ ఆలోచించింది గాని రాజుల బుద్ధి ఒక్కటీ ఆలోచించలేదు.

మణికంధరం రాజు కనకకేతుడు తన కొడుకును అంతఃపురంలో దాచేశాడు. వాగు ఒడ్డున ఆవంపాడులో కుండలు చేసుకునే ఇంటి నుంచి ఎనిమిదేళ్ళ మైలారుణ్ణి లాక్కొచ్చి, గద్దలకొండ మాంత్రికుడు భేరుండకుడి చేత జబ్బకు తాయెత్తు కట్టించాడు. తాయెత్తు కట్టగానే కుమ్మరిపిల్లాడి ముఖం యువరాజు ముఖమైపోయింది. "నోరు విప్పావా, మీ అమ్మా అయ్యా కుండలు కాల్చే మీ ఆవంలోనే కాలిపోతారు" అని చెవిలో చెప్పి పంపించారు.

సంధిశిల దగ్గర బిడ్డల్ని మార్చుకున్న రోజు మైలారుడికి బాగా గుర్తు. బాజాలు మోగుతుంటే, ధూమ్రావతి రాజకుమారి హేమాంగి పట్టుపావడాతో ఎదురుగా నడిచివచ్చింది. పక్కనుంచి పోతూ ఆ పిల్ల అతని జబ్బ వైపు చూసి, తన జబ్బ మీద గాజులు పైకి జరిపింది. అదే నల్లదారం, అదే రాగిరేకు.

"నీకూ కట్టారా?" అని గుసగుసలాడింది. "నా పేరు నాంచారి. మా నాన్న మగ్గం నేస్తాడు. నీదో?"

అతను పేరు చెప్పేలోపల ఎవరో రెక్క పట్టుకుని లాగేశారు. రెండు వైపులా మోసమే జరిగిందని భూమ్మీద ఆ ఇద్దరు పిల్లలకూ, తాయెత్తులు కట్టినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. రాజులిద్దరూ ఎదుటివాణ్ణి తానొక్కడే బోల్తా కొట్టించానని పన్నెండేళ్ళుగా మీసాలు దువ్వుకుంటున్నారు.

మహలు మెట్ల మీద ఇనుపజోళ్ళ చప్పుడైంది.

"పేరిందమ్మా, నేను నీకొకటి చెప్పలేదు" అన్నాడు మైలారుడు లేస్తూ.

"నువ్వు రాజు కొడుకువి కాదనేగా? వచ్చిన మొదటిరోజే తిన్న కంచం కడిగిపెట్టావు. రాజులకి పుట్టినవాడు ఆ పని చేస్తాడేంట్రా? తొందరగా కానీ, ఆ దారమేదో తెంపు!"

అతను తాయెత్తు తెంపాడు. చూస్తుండగానే పండువెన్నెల పోతపోసినట్టున్న ముఖం, మల్లెమొగ్గల పలువరస, వంకీల జుట్టు పొగలా కరిగిపోయి, ఎండకు కాలిన నల్లటి ముఖమూ, చట్టిముక్కూ, నిలువునా లేచిన బిరుసు వెంట్రుకలూ బయటపడ్డాయి. పేరిందేవి ఆ ముఖాన్ని ఒక్క క్షణం చూసి, "ఇదే బాగుంది" అని పట్టుబట్టలు కనబడకుండా అతని మీద గొంగడి కప్పి, నెత్తిన నీళ్ళబాన ఎత్తింది.

భటులు తలుపు తోసుకొచ్చారు. "యువరాజేడిరా?"

"స్నానం చేస్తున్నారు దొరా. వేణ్ణీళ్ళు చాల్లేదని కేకలేస్తున్నారు. అయిదు నిమిషాలాగితే శుభ్రంగా ఉన్న తల దొరుకుతుంది" అంటూ మైలారుడు బాన మోసుకుని వాళ్ళ మధ్యలోంచే దిగిపోయాడు.

కోటవాకిలి దాటి నాలుగడుగులు వేశాడో లేదో, ఒక దళవాయి అతని మెడ మీద చెయ్యేశాడు.

"చేతులు రెండున్నాయి, కాళ్ళు రెండున్నాయి. ఇక చాలు. వీడికో ఈటె ఇవ్వండి!"

"దొరా, నేను కుండలు చేసేవాణ్ణి..."

"ఇవాళ్టినుంచి పగలగొట్టేవాడివి. నడువ్!"

మైలారుడికి ఒళ్ళు భగ్గుమంది. రాజకుమారుడి ముఖంతో ఉంటే తల కొడతారని ఆ ముఖం తీసేశాడు. మామూలు ముఖంతో కనబడేసరికి, అసలు తల కొట్టే శ్రమ కూడా తీసుకోకుండా వెళ్ళి చావమంటున్నారు. ఇంకొకడైతే మొదటి మలుపులో పొదల్లో దూరేవాడు. కాని సైన్యం పోయే దారీ సంధిశిల దారీ ఒకటే. అక్కడ ఒక పిల్ల గాజులు పైకి జరిపి అడిగిన ప్రశ్నకు అతను ఇంకా జవాబు చెప్పాల్సి ఉంది. ఈటె భుజాన పెట్టుకుని నడిచాడు.

ఏం సైన్యమది! ముందు పసుపుపచ్చ జెండాలు, వాటి వెనక నుదుట కుంకుమపట్టెలు దిద్దిన ఏనుగులు, వాటి గంటల మోతకు చెట్ల మీది పిట్టలు గాల్లోనే దారితప్పాయి. వెండి కళ్ళేల గుర్రాలు, నెమలిపింఛాల గొడుగులు, పులితోలు కప్పిన భేరీలు, సూర్యుడికే కళ్ళు చెదిరేలా తళతళలాడే డాలులు. ఇదంతా ముందువరసల వైభవం. వెనకవరసల్లో కాళ్ళకు చెప్పుల్లేవు. మైలారుడి పక్కన నడుస్తున్న రైతు ఈటెకు మొనే లేదు.

"ఎందుకన్నా ఈ యుద్ధం?" అన్నాడు మైలారుడు.

"ఏనుగు పంటి తొడుగు పోయిందట."

"ఏనుగుకి నొప్పిగా ఉందా?"

"ఏనుగుకేం లేదు, శుభ్రంగా చెరుకు తింటోంది. నొప్పి రాజుగారికి." రైతు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మధ్య వానల్లేక మా ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. ఖాళీకుండలు పట్టుకుని కోటముందు కూర్చున్నాం. గాదెలు తెరుస్తాడనుకున్నాం. తొడుగు పోయిందని చాటించాడు. ఇంకేముంది, ఆకలిమాట పక్కనబెట్టి అందరం మణికంధరం వాణ్ణి తిట్టడం మొదలెట్టాం. వాడెట్లా ఉంటాడో చూడలేదు గాని, నేనూ తిట్టా."

"ఎట్లా ఉంటాడు? నాలాగే ఉంటాడు."

రైతు అతన్ని ఎగాదిగా చూశాడు. "నీలాగుంటే పొడవటానికి చెయ్యెట్లా వస్తదిరా నాయనా!"

మధ్యాహ్నానికి గద్దలకొండ కనబడింది. కొండంతా కాలిన కళేబరం రంగు. శిఖరం చుట్టూ గద్దలు గిరికీలు కొడుతున్నాయి. కొండకు తూర్పున ఒక గుహద్వారం, దానికి ఇరుపక్కలా రాతిభటులు, వాళ్ళ కళ్ళల్లో గుడ్లగూబ కళ్ళలాంటి కెంపులు. యుద్ధానికి పోయే ప్రతివాడూ లోపలికి వెళ్ళి భేరుండకుడి చేత నుదుట పసుపురేఖ దిద్దించుకుంటే బాణం తగలదట. వరసగా వెళుతున్నారు, వరసగా వస్తున్నారు. మైలారుడు లోపలికి వెళ్ళి రేఖ దిద్దించుకున్నాడు గాని, బయటికి వచ్చే వరసలో నిలబడలేదు. చీకటి మలుపులో ఒక స్తంభం వెనక ఒదిగాడు.

అప్పుడు వినిపించాయి, కొండ అవతలి వైపు నుంచి శంఖాలు. చిన్నప్పుడు ఆవంపాడులో విన్న శంఖాలే! గుహకు పడమర మరో ద్వారముంది. అక్కడ మణికంధరం సైనికులు వరసకట్టారు. అదే మాంత్రికుడు, అదే చెయ్యి. ఇటువాళ్ళకు పసుపురేఖ, అటువాళ్ళకు ఎర్రరేఖ. ఇద్దరికీ ఒకటే మాట: "విజయీభవ."

రెండు వరసలూ ఖాళీ అయ్యాక భేరుండకుడు వెనక్కి వాలి, పాము చుట్టలాంటి జడలు సర్దుకుని, ఒక బంగారు పాత్రలో ఇప్పకల్లు పోసుకున్నాడు. ఆ పాత్ర అడుగున సన్నగా, పైన వెడల్పుగా, కాస్త వంకర తిరిగి ఉంది. పట్టపుటేనుగు దంతపు తొడుగు! ఆ పక్కనే గోడకు చేరేసిన బంగారు నెమలి, మణికంధరం ధ్వజస్తంభం మీద ఉండవలసింది. దాని మెడ మీద మాంత్రికుడు తన కౌపీనం ఆరేసుకున్నాడు.

ఈ రెండు రాజ్యాల పరువంతా అదీ!

మైలారుడు ఆగలేకపోయాడు. "థూ! వేలమంది చావుకి పోతుంటే దాంట్లో కల్లు తాగుతావురా?"

భేరుండకుడు తొణకలేదు. "ఎవరూ, కుమ్మరోడివా? నేను కట్టిన తాయెత్తు విప్పేశావే!"

"ఈ యుద్ధం నువ్వు పుట్టించావు!"

"నేనా?" మాంత్రికుడు నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. "రాయికి ప్రాణం పోస్తాను. ముఖాలు మారుస్తాను. కాని మనుషుల్ని తగాదాకి దింపే మంత్రం నా దగ్గర లేదురా, దాని అవసరం ఎప్పుడూ పడలేదు. ఒకడి గాదెల్లో ధాన్యం ముక్కిపోతోంది, అడిగేవాళ్ళు వాకిట్లో కూర్చున్నారు. ఇంకొకడు సైన్యాన్ని పెంచి పెంచి కూర్చోబెట్టాడు, తిని కూర్చున్న సేనాపతి సింహాసనం వంక చూస్తున్నాడు. ఇద్దరూ వేర్వేరుగా నా దగ్గరికొచ్చి ఒకటే అడిగారు, 'స్వామీ, ఒక కారణం కావాలి' అని. ఎవడి వస్తువు వాడే తెచ్చి ఇచ్చి, పోయిందని చెప్పుకుంటామన్నారు. దాచిపెట్టాను. అంతే నా పాపం."

"అంతేనా?"

"అంతే. ఇదంతా విన్నాక నువ్వు బతకడం మాత్రం కుదరదు."

చప్పట్లు కొట్టాడు. గుహ కంపించింది. తూర్పువాకిట రాతిభటుల్లో ఒకడు పీఠం వదిలి లేచాడు. అడుగు వేస్తే నేల బీటలిచ్చింది, చెయ్యి విసిరితే స్తంభం పిండైంది. మైలారుడు ఈటె విసిరాడు, అది చెరుకుగడలా విరిగింది. రాతిచెయ్యి అతని మీదికి దిగింది. పక్కకు దొర్లి, మొలలో దోపుకున్న తాయెత్తు తీసి, దిగుతున్న ఆ చేతి చిటికెనవేలికి ఉంగరంలా చుట్టి ఎగిరి దూకాడు.

రాతిభటుడు ఆగాడు. ఆ బండముఖం కరిగి, పండువెన్నెల పోతపోసినట్టున్న ముఖమైంది. మల్లెమొగ్గల పలువరస, వంకీల జుట్టు.

"అడుగో, పారిపోయిన యువరాజు!" అని చప్పుడు విని తూర్పుద్వారం దగ్గరికి తిరిగొచ్చిన భటుడెవడో అరిచాడు. ధూమ్రావతి కత్తులన్నీ ఒక్కసారిగా వచ్చి ఆ రాతి మెడ మీద పడ్డాయి. టంగు టంగుమని ముక్కలవుతున్నాయి. భేరుండకుడు "ఆగండ్రా వెధవల్లారా!" అని గొంతు చించుకుంటున్నా వినేవాడు లేడు. ఆ సందడిలో మైలారుడు తొడుగులో కల్లు ఒంపేసి, నెమలి మీది కౌపీనం లాగి మాంత్రికుడి ముఖాన కొట్టి, రెండింటినీ గొంగట్లో చుట్టుకుని, నుదుటి పసుపు చెరిపి ఎరుపు పూసుకుని పడమటి ద్వారంలోంచి లగెత్తాడు.

పొద్దు వాగులోకి వాలుతోంది. సంధిశిలకు ఇవతల ఒక సైన్యం, అవతల ఒక సైన్యం. ఇక్కడ ఒంటిదంతానికే తొడుగున్న ఏనుగు మీద ధూమ్రావతి మహారాజు ప్రచండసేనుడు. అక్కడ తలలేని జెండాకొయ్య కింద రథం మీద కనకకేతుడు. శిల మీద రాజకుమారి ముఖంతో నాంచారి, వెనక్కి విరిచికట్టిన చేతులతో. ఆమె వెనక కత్తితో తలారి.

కనకకేతుడు చెయ్యి ఎత్తాడు. తలారి కత్తి ఎత్తాడు. ఎర్రరేఖ ఉన్న సైనికుడొకడు వరసలు తోసుకుంటూ వచ్చి ఒక్క గెంతుతో శిలెక్కి, గొంగడి విదిల్చాడు. బంగారు తొడుగు ఒకవైపు, బంగారు నెమలి ఒకవైపు రాతి మీద ఖంగుమన్నాయి.

"నా పేరు మైలారుడు" అన్నాడతను రొప్పుతూ.

నాంచారి అతని చట్టిముక్కు వైపు చూసి నవ్వింది. "పన్నెండేళ్ళు పట్టిందా చెప్పడానికి?"

"దారిలో సైన్యంలో చేరాల్సొచ్చింది."

"ఏ సైన్యం?"

"రెండూ."

ఆమె జబ్బ మీది దారం పట్టి తెంపాడు. బంగారుబొమ్మ లాంటి ముఖం కరిగింది. పొడవాటి దవడ, గడ్డం మీద గాటు, నిద్రలేని కళ్ళున్న సాలెపిల్ల ముఖం రెండు సైన్యాలకూ కనబడింది.

"చూడండి!" అని అరిచాడు మైలారుడు. "మనం చావడానికి వచ్చింది వీటికోసం. ఇవి ఎవరూ దొంగిలించలేదు. మీ రాజులే భేరుండకుడి చేతికిచ్చి దాయించారు. వాడు దీంట్లో కల్లు తాగుతున్నాడు, కావాలంటే వాసన చూడండి! తలలు పెట్టమన్నది రాజబిడ్డలవి. పెట్టింది మావి!"

రాజులిద్దరూ ఒకేసారి గర్జించారు. అయితే సిగ్గుతో కాదు.

"మోసం! మణికంధరం నాకు కుమ్మరివాణ్ణి అంటగట్టింది!"

"ధూమ్రావతి నాకు సాలెదాన్ని పంపింది! ఇంతకుమించిన అవమానముందా! భేరీలు మోగించండి!"

తొడుగూ నెమలీ కంటే గట్టి కారణం ఇద్దరికీ ఇప్పుడు దొరికింది. భేరీల మీదికి కర్రలు లేచాయి. మైలారుడి కళ్ళు నిప్పులు కురిశాయి. ఇక ఏం చెప్పాలో తోచక, పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే కొలువులో నిలబెట్టి తన చేత వల్లె వేయించిన రుద్రసాని ఒప్పందం మాటలే నోటికొచ్చాయి. పక్కన నాంచారి గొంతు కలిసింది. ఆమె చేత కూడా రోజూ పొద్దున్నే వల్లె వేయించినవే.

"తగవు వచ్చినచోట కత్తి దూయక ముందు ఐదు రాజ్యాల సభ కూడవలె. ఇరువురి మాటా విని సభ చెప్పిన తీర్పుకు తల ఒగ్గవలె. వినక ముందుగా కొట్టినవాని మీదికి తక్కిన నలుగురూ ఒక్కటై లేవవలె. చాటున ఒక మాట, సభలో ఒక మాట కూడదు. ఊళ్ళను మేపవలసిన ధాన్యముతో సైన్యములను మేపరాదు..."

రెండు గొంతులు, ఒకే మాట, ఒకే ఒరవడి. వెనకవరసల్లో చెప్పుల్లేని కాళ్ళు ఒక్కొక్కటే ముందుకు జరిగాయి. తమ పేరుమీద ఇలాంటి మాటలు రాతి మీద ఉన్నాయని వాళ్ళకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మొనలేని ఈటె రైతు నోరు తెరుచుకుని వింటున్నాడు. భేరీకర్రలు గాల్లో ఆగాయి.

"సభ పిలవరా?" అన్నాడు మైలారుడు. "పిలవకపోతే పోనీండి. కాని ఒప్పందం ప్రకారం రాజబిడ్డల తలలు పడందే యుద్ధం మొదలవదు. విజయధ్వజుడు అదిగో, కనకకేతుడి వెనక ఆ బంగారు అంబారీలో చాటుగా కూర్చున్నాడు, పన్నెండేళ్ళు మోసిన ముఖం నాకు తెలియదా? ధూమ్రావతి వైపు తెరలపల్లకిలోంచి తొంగిచూస్తున్న పిల్ల హేమాంగి, యుద్ధం చూడ్డానికి వచ్చింది. ఇద్దర్నీ ఈ రాతి మీదికి పంపించండి. ఆ తర్వాత మా అందర్నీ చంపుకోండి."

పల్లకి తెరల వెనక ఎవరో కెవ్వుమన్నారు. గద్దలకొండ వైపు నుంచి, మైలారుణ్ణి వెతుక్కుంటూ వస్తున్న రాతిభటుడి అడుగులు ఒక్కొక్కటే దగ్గరవుతున్నాయి, ఒక్కో అడుగుకు వాగు నీళ్ళు ఒడ్డు దాటుతున్నాయి. ప్రచండసేనుడు అంబారీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగాడు.

"నా బిడ్డనా? ఏనుగు పంటికి తొడిగే తొడుగు కోసం నా కన్నబిడ్డను చంపుకుంటానా? నాకేమైనా మతిపోయిందా?"

"మరి మమ్మల్ని దేనికి చంపుకుంటున్నావు?" అంది నాంచారి.

తలారి ఎత్తిన కత్తి దించాలో వెయ్యాలో తెలియక కనకకేతుడి ముఖంలోకి చూశాడు. కనకకేతుడు ప్రచండసేనుడి వంక చూశాడు. ప్రచండసేనుడు ఏనుగు చెవుల వంక చూశాడు.